చలికొండల నల్లనాచు

ఆల్ప్స్ పర్వతాల్లో, స్కాట్లాండ్ ఎత్తుకొండల్లో, నార్వేలో, గ్రీన్‌లాండ్‌లో, అలాస్కాలో, దక్షిణాన అంటార్కిటిక్ ద్వీపకల్పం దాకా గ్రానైట్ బండలను అంటిపెట్టుకుని నల్లటి చిన్న గుత్తులు కనిపిస్తాయి. కొన్నిచోట్ల ఆ నలుపులో ముదురు ఎరుపు కలిసి ఉంటుంది. ఎండినప్పుడు వేలితో గట్టిగా రాస్తే పొడిపొడిగా రాలతాయి. తడిసినా పెద్దగా పచ్చబడవు. ఇవి ఆండ్రియా అనే ప్రజాతికి చెందిన నాచు మొక్కలు. ప్రపంచం మొత్తం మీద వీటిలో దాదాపు 100 జాతులున్నాయి. ఒక్కో మొక్క సాధారణంగా ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తుకు మించదు. గ్రానైట్, క్వార్ట్‌జైట్, ఇసుకరాయి లాంటి ఆమ్లగుణం ఉన్న రాళ్లంటే వీటికి ఇష్టం. సున్నపురాయి జోలికి దాదాపుగా పోవు. ఆకు కణాల గోడలు మందంగా ఉండి, వాటిలోనే ముదురు రంగు పట్టి ఉంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ తీక్షణమయ్యే అతినీలలోహిత కిరణాల నుంచి ఆ రంగే మొక్కను కాపాడుతుంది. నలుపు ఎండ వేడిని పట్టి ఉంచుతుంది కనుక మంచు ప్రదేశంలో అది మరో లాభం. తెలుగునేల మీది గ్రానైట్ గుట్టలపై వాననీరు జారిన చోట కనిపించే నల్లటి చారలకు వీటితో సంబంధం లేదు. అవి ఎక్కువగా సయనోబాక్టీరియా, లైకెన్‌ల పని.

ఈ మొక్క పుస్తకాల్లోకి ఎక్కి మూడు వందల ఏళ్లు కావస్తోంది. అందులో ఎక్కువ కాలం దీన్ని ఏ వరసలో కూర్చోబెట్టాలన్న తగువుతోనే గడిచింది. ఆ తగువు తీర్చడానికి పూనుకున్నవారిలో విశ్వవిద్యాలయాల ఆచార్యులు కొందరే. మందుల దుకాణాలు నడిపినవారు, వైద్యులు, ఒక న్యాయవాది, ఒక సంగీత పుస్తకాల ప్రచురణకర్త ఈ చరిత్రలో పెద్ద పాత్రలు పోషించారు.

18వ శతాబ్దం మొదట్లో నాచును పట్టించుకున్నవారే తక్కువ. పువ్వు, కాయ కనిపించని ప్రతి చిన్న మొక్కనూ ఒకే గంపలో వేసేవారు. ఆ గంపను మొదట శ్రద్ధగా విప్పినవాడు యోహాన్ యాకోబ్ డిలేనియస్. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో పుట్టి, ఇంగ్లండ్ చేరి, ఆక్స్‌ఫర్డ్‌లో వృక్షశాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1741లో అతని ‘హిస్టోరియా మస్కోరం’ వెలువడింది. అందులోని 85 ఫలకాలనూ తానే గీసి, రాగిరేకుల మీద తానే చెక్కుకున్నాడు. పేరుకు నాచుల చరిత్రే అయినా లైకెన్లు, శైవలాలు, నాచుకు దగ్గరి చుట్టాలైన లివర్‌వర్ట్‌లు కూడా ఆ పుస్తకంలోనే ఉన్నాయి. కొండరాళ్ల నల్లనాచును అతను లివర్‌వర్ట్‌ల పక్కన పెట్టాడు.

1732లో లాప్‌లాండ్ కొండలు తిరిగి వచ్చిన కార్ల్ లినేయస్ కూడా 1753లో అదే చేశాడు. ‘స్పీషీస్ ప్లాంటారం’లో ఈ మొక్కలకు యుంగర్‌మానియా ఆల్పినా, యుంగర్‌మానియా రుపెస్ట్రిస్ అని పేర్లు పెట్టాడు. యుంగర్‌మానియా అంటే లివర్‌వర్ట్. దీన్ని అశ్రద్ధ అనడానికి లేదు. కంటికి కనిపించినదాన్ని బట్టి చూస్తే లినేయస్ తీర్పు సబబే. లివర్‌వర్ట్‌ల గుళిక పండాక కొస నుంచి నాలుగు రెక్కలుగా విచ్చుకుంటుంది. మామూలు నాచు గుళికకు పైన చిన్న మూత ఉంటుంది. మూత ఊడితే అంచు చుట్టూ పళ్ల వరస బయటపడుతుంది. వృక్షశాస్త్రం చదివినవాళ్లు ఫ్యునేరియా అనే మామూలు నాచు బొమ్మలో ఈ పళ్లను గీసే ఉంటారు. కొండరాళ్ల నల్లనాచులో మూతా లేదు, పళ్లూ లేవు. ఉన్నది నాలుగు చీలికలే.

అయితే ఆ చీలికలను భూతద్దం కింద పెట్టి కాసేపు ఓపిగ్గా చూస్తే తేడా తెలుస్తుంది. గుళిక పొడవు మిల్లీమీటరుకు అటూ ఇటూ. దాని గోడ నిలువునా నాలుగు చోట్ల చీలుతుంది కానీ కొసనూ అడుగునూ అతుక్కునే ఉంటుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు గుళిక కుంచించుకుని, చీలికల మధ్య పట్టీలు బయటికి వంగి కాగితపు లాంతరులా ఉబ్బుతాయి. ఆ సందుల్లోంచి సిద్ధబీజాలు గాలికి పోతాయి. తేమ తగలగానే పట్టీలు తిన్నగా సాగి సందులు మూసుకుంటాయి. ఒక నీటిచుక్క వేసి ఈ మార్పును నిమిషాల్లో చూడవచ్చు. లివర్‌వర్ట్ రెక్కలు ఒకసారి పూర్తిగా విచ్చుకున్నాక కథ ముగుస్తుంది. ఇక్కడ మాత్రం వాతావరణం మారిన ప్రతిసారీ తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది.

ఇది లివర్‌వర్ట్ కాదని, వేరే పేరు కావాలని మొదట గట్టిగా అన్నది జర్మనీలోని హానోవర్ పట్టణంలో. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఫ్రీడ్రిష్ ఏర్హార్ట్ అక్కడ యోహాన్ గెర్‌హార్ట్ రైన్‌హార్ట్ ఆండ్రెయె మందుల దుకాణంలో పనిచేశాడు. మధ్యలో స్వీడన్ వెళ్లి ఉప్సలాలో లినేయస్ దగ్గర చదువుకుని, మళ్లీ హానోవర్ చేరాడు. గురువు యుంగర్‌మానియా అన్న మొక్కను శిష్యుడు 1770ల చివర్లో విడదీసి ఆండ్రియా అని పేరు పెట్టాడు. ఉప్పు తిన్న ఇంటికి రుణం తీర్చుకున్నాడన్నమాట. ఆండ్రెయెకు పేరు తెచ్చినది నాచు కాదు. హానోవర్ ప్రాంతపు మట్టి రకాలను రసాయనికంగా పరీక్షించినవాడిగా, 1763లో స్విట్జర్లాండ్ తిరుగుతూ ఊరికి రాసిన ఉత్తరాల రచయితగా అతను ప్రసిద్ధుడు. ఆ ఉత్తరాలు 1776లో పుస్తకంగా వచ్చాయి. మందుల దుకాణాల వాళ్లు ఈ విద్యలోకి రావడంలో వింతేమీ లేదు. ఎండిన ఆకును చూసి మొక్కను గుర్తుపట్టడం వారికి రోజువారీ పని. త్రాసు, భూతద్దం, పొట్లం కట్టే కాగితం ఎప్పుడూ చేతికందే దూరంలో ఉండేవి.

పేరు ఏర్హార్ట్ పెట్టినా, ఈనాటి శాస్త్రనియమాల ప్రకారం అది చెల్లేది యోహాన్ హెడ్విగ్ పుస్తకం నుంచే. హెడ్విగ్ ట్రాన్సిల్వేనియాలోని క్రోన్‌స్టాట్‌లో పుట్టిన వైద్యుడు. ఆ ఊరిని ఇప్పుడు బ్రషోవ్ అంటారు. మొదట కెమ్నిట్స్‌లో, తర్వాత లైప్‌జిగ్‌లో వైద్యం చేస్తూనే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. డిలేనియస్, లినేయస్ ఇద్దరూ నాచు గుళికను పుప్పొడి తిత్తి అనుకున్నారు. అది పొరపాటనీ, పురుషాంగాలు వేరే చోట ఉన్నాయనీ, గుళికలో ఉన్నవి మొలకెత్తి కొత్త మొక్కలయ్యే సిద్ధబీజాలనీ హెడ్విగ్ తేల్చాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ ఆ పనికి బహుమతి ఇచ్చి, 1784లో పుస్తకం అచ్చువేసింది. జాతులన్నిటినీ కలిపి రాసిన ‘స్పీషీస్ మస్కోరం ఫ్రాండోసోరం’ మాత్రం అతని కళ్ల ముందు రాలేదు. 1799లో అతను పోయాక శిష్యుడు ష్వేగ్రిషెన్ దాన్ని 1801లో వెలువరించాడు. బురదనేలల్లో పెరిగే స్ఫాగ్నం అనే నాచు కుటుంబాన్ని మినహాయిస్తే, నాచుల పేర్ల లెక్క నేటికీ ఆ పుస్తకంతోనే మొదలవుతుంది. అందుకే నల్లనాచులో సర్వసాధారణమైన జాతి పేరు ఆండ్రియా రుపెస్ట్రిస్ పక్కన ఉండే సంక్షిప్త నామం హెడ్విగ్‌దే. చలికొండల రాళ్ల మీద దీని పక్కనే పెరిగే మరో ముదురు రంగు నాచుకు గోథాకు చెందిన వైద్యుడు గ్రిమ్ పేరున గ్రిమ్మియా అని పేరు. దాని ఆకుల కొసన తెల్లటి వెంట్రుకలుంటాయి కాబట్టి దూరం నుంచి నెరిసినట్టు కనిపిస్తుంది. ఆండ్రియాకు ఆ వెంట్రుకలు లేవు.

హెడ్విగ్ తర్వాత పదేళ్లలో ఉత్తర యూరప్ కొండలన్నీ గాలించడం మొదలైంది. 1807లో వేబర్, మోర్ అనే ఇద్దరు జర్మన్ యువకులు ఇంకో జాతిని వర్ణించి, వైద్యుడు ఆల్‌బ్రెష్ట్ రోత్ పేరున ఆండ్రియా రోతీ అన్నారు. ఇంగ్లండ్‌లో విలియం జాక్సన్ హుకర్ ఈ ప్రజాతి మీదే ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. అంతకుముందు 1809లో సర్ జోసెఫ్ బ్యాంక్స్ ప్రోత్సాహంతో ఐస్‌లాండ్ వెళ్లి, తిరుగు ప్రయాణంలో ఓడ తగలబడి, సేకరించినదంతా దాదాపుగా పోగొట్టుకున్నాడు. ఆ దెబ్బ నుంచి తేరుకుని లండన్ లినియన్ సొసైటీ సంచికలో 1811లో అచ్చువేయించిన వ్యాసం అది. బ్రిటన్‌లో దొరికే నాలుగు జాతులను అందులో వర్ణించాడు. వాటిలో ఒకటి ఆండ్రియా నివాలిస్. వేసవి ముదిరేదాకా మంచు కరగని పల్లాల్లో, ఆ మంచునీరు జారే రాళ్ల మీదే ఇది బతుకుతుంది. స్కాట్లాండ్‌లో బెన్ నెవిస్, కెయిర్న్‌గార్మ్ కొండలు దీనికి పెట్టింది పేరు. హుకర్ తర్వాతి రోజుల్లో గ్లాస్గోలో ఆచార్యుడై, 1841లో క్యూ ఉద్యానవనానికి సంచాలకుడయ్యాడు. అతని మొదటి ప్రేమ మాత్రం నాచే.

అప్పటి నాచు విద్య నడిచిన తీరు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పూలమొక్కను తెస్తే అద్దుడు కాగితాల మధ్య రోజుల తరబడి నొక్కి పెట్టాలి, బూజు పట్టకుండా కాగితాలు మారుస్తూ ఉండాలి. నాచుకు ఆ శ్రమ లేదు. గుత్తిని రాతి నుంచి పీకి, కాగితం నాలుగు మడతలు వేసి అందులో పెట్టి, పైన ఊరు, తేదీ, ఎత్తు రాస్తే చాలు. తనంతట తాను ఎండిపోతుంది. ఉత్తరంలో పెట్టి పంపవచ్చు. నూరేళ్ల తర్వాత పొట్లం విప్పి వేడినీటి చుక్క వేసినా ఆకు విచ్చుకుని, బతికి ఉన్నప్పటి ఆకారానికి వస్తుంది. కణాల గోడలు చెక్కుచెదరవు. అందువల్లే ఇల్లు కదలని ఉద్యోగి కూడా పోస్టులో వచ్చిన పొట్లాలతో ప్రపంచ నాచుల నిపుణుడు కాగలిగాడు. వారింగ్టన్‌కు చెందిన విలియం విల్సన్ అలాంటివాడు. వృత్తికి న్యాయవాది. ససెక్స్‌లో మందుల దుకాణం నడిపిన విలియం మిట్టెన్ మరొకడు. మిట్టెన్ 1859లో భారతదేశపు నాచులన్నిటి మీదా పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు.

విల్సన్‌కు పొట్లాలు అందించినవారిలో ముఖ్యుడు హుకర్ కొడుకు జోసెఫ్ డాల్టన్ హుకర్. 1839లో జేమ్స్ క్లార్క్ రాస్ నాయకత్వంలో ఎరెబస్, టెర్రర్ అనే రెండు ఓడలు దక్షిణ ధ్రువం వైపు బయలుదేరాయి. ఎరెబస్‌లో సహాయ వైద్యుడిగా చేరిన జోసెఫ్‌కు అప్పటికి 22 ఏళ్లు. నాలుగేళ్లు తిరిగిన ఆ యాత్రలో కెర్గలెన్, ఆక్లండ్, క్యాంప్‌బెల్ దీవుల్లో దిగాడు. చెట్టనేది లేని కెర్గలెన్‌లో చలికాలం మధ్య గడ్డకట్టిన నేల నుంచి నాచును వేడి చేసి, పగలగొట్టి తీశాడు. 1844 నుంచి వెలువడిన ‘ఫ్లోరా అంటార్కిటికా’లో ఈ నాచులను విల్సన్‌తో కలిసి వర్ణించాడు. దక్షిణ దీవుల కొత్త ఆండ్రియా జాతులు చాలా అందులోనే తొలిసారి పేరు పొందాయి. ఆండ్రియా మ్యుటబిలిస్ వాటిలో ఒకటి. అంతవరకు ఆల్ప్స్, స్కాండినేవియా కొండల సొత్తు అనుకున్న మొక్కకు అసలైన వైవిధ్యం భూమధ్యరేఖకు అవతల ఉందని తేలింది. పటగోనియా, న్యూజీలాండ్, వాటి చుట్టూ ఉన్న చలి దీవులు కలిస్తే ఉత్తరార్ధగోళం కంటే జాతులు ఎక్కువ. పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఇది చాలాకాలం ఆర్కిటిక్ నాచుగానే మిగిలింది. చదువులు సాగిన చోటు యూరప్ కావడమే దానికి కారణం.

జాతులు లెక్కకు వచ్చినా ఇది నిజమైన నాచేనా అన్న పాత ప్రశ్న పోలేదు. దానికి దారి చూపినవాడు లైప్‌జిగ్‌లో తండ్రి నడిపిన సంగీత ప్రచురణ సంస్థలో పనిచేస్తూ, తెల్లవారుజామున సూక్ష్మదర్శినితో గడిపిన విల్‌హెల్మ్ హోఫ్‌మైస్టర్. విశ్వవిద్యాలయ చదువు లేదు. 1851లో అతను వెలువరించిన గ్రంథం నాచు జీవితంలో రెండు తరాలు వంతులవారీగా వస్తాయని నిరూపించింది. ఆకులున్న పచ్చని మొక్క ఒక తరం. దాని మీద పరాన్నజీవిలా నిలబడే కాడ, గుళిక రెండో తరం. ఈ విభజన తెలిశాక ఆండ్రియా గుళిక కింద ఉన్న కాడను మళ్లీ చూడాల్సి వచ్చింది. ఫ్యునేరియాలో గుళికను పైకెత్తే కాడ గుళికతో పాటు రెండో తరానిదే. ఆండ్రియాలో గుళికకు సొంత కాడ దాదాపు లేదు. కింద ఉన్న తల్లిమొక్క కొసే సాగి దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. బురదనేలల స్ఫాగ్నం నాచులోనూ ఇదే ఏర్పాటు.

1868లో స్వీడన్ శాస్త్రవేత్త స్వెన్ బెర్గ్రెన్, 1870లో జర్మనీలో క్యూన్ విడివిడిగా ఈ మొక్క పుట్టుక నుంచి గుళిక దాకా ప్రతి దశనూ కణం కణంగా పరిశీలించారు. బెర్గ్రెన్ గదిలో కూర్చున్న మనిషి కాడు. 1868లో స్పిట్స్‌బెర్గెన్, 1870లో ధ్రువ అన్వేషకుడు నోర్డెన్‌షోల్డ్‌తో కలిసి గ్రీన్‌లాండ్ మంచుపలక చూసి వచ్చినవాడు. వాళ్లు చూసినదాంట్లో అన్నిటికంటే విచిత్రమైనది సిద్ధబీజం మొలకెత్తే పద్ధతి. ఫ్యునేరియా సిద్ధబీజం పగిలి, సన్నటి పచ్చని దారం బయటికి వస్తుంది. ఆండ్రియా సిద్ధబీజం పగలకముందే లోపల విభజన చెంది చిన్న కణముద్ద అవుతుంది. ఆ తర్వాతే గోడ తెంచుకుని పలుచని రిబ్బను, పలక ఆకారంలో రాతి మీద పరుచుకుంటుంది. రాయికి అతుక్కునే తంతువులు కూడా రెండేసి వరసల కణాలతో, కొన్నిచోట్ల పలకలుగా మారి సన్నటి పగుళ్లలోకి దూరతాయి. ఒక రోజు తడి, మరో రోజు ఎండ, రాత్రి గడ్డకట్టే చలి ఉన్న నున్నటి బండ మీద తడి దారం నిలవడం కష్టం. అందుకు తయారై పుట్టే మొలక ఇది. ఈ పరిశీలనలతో ఆండ్రియాకు అటు లివర్‌వర్ట్‌లలోనూ కాకుండా, ఇటు మామూలు నాచుల్లోనూ కలపకుండా, స్ఫాగ్నం పొరుగున సొంత ఇల్లు ఏర్పడింది. ఆ ఇల్లే నేటి ఆండ్రియాప్సిడా తరగతి. అంతకుముందే, 1855లో, స్ట్రాస్‌బర్గ్‌లో శింపర్ యూరప్ నాచుల బృహద్గ్రంథం ‘బ్రియోలోజియా యూరోపియా’ను ముగించాడు. నార్వే శాస్త్రవేత్త బ్లిట్ పేరు మోసే ఆండ్రియా బ్లిట్టీ ఆ కాలపు జాతే.

అంటార్కిటికా నేల నుంచి నల్లనాచు రావడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. 1897-99 నాటి బెల్జియం ఓడ బెల్జికాలో రుమేనియా జీవశాస్త్రవేత్త ఎమిల్ రాకోవిత్స, 1901-03 స్వీడన్ యాత్రలో కార్ల్ స్కాట్స్‌బెర్గ్, 1908-10లో ఫ్రెంచ్ అన్వేషకుడు షార్కో నడిపిన పూర్‌క్వా పా ఓడలో లూయీ గేన్ నాచు సేకరించారు. ముగ్గురి పొట్లాలూ చేరింది ఫ్రాన్స్‌లోని జూల్ కార్డో దగ్గరికే. గేన్ పేరున ఆండ్రియా గేనీ వచ్చింది. కార్డో ఒక్క అడుగు అంటార్కిటికాలో పెట్టకుండానే దాని నాచులకు తొలి లెక్క రాశాడు. ఆ లెక్కను సరిచేసి, పోలండ్ శాస్త్రవేత్త రిషార్డ్ ఓహిరా బృందం 2008లో తెచ్చిన సచిత్ర గ్రంథంలో అంటార్కిటికా నాచులు 110కి పైగా ఉన్నాయి.

20వ శతాబ్దంలో మరో రెండు మొక్కలు దొరికి పాత వరసను కదిపాయి. మొదటిది టకాకియా. దీని కథ సిక్కింలో మొదలవుతుంది. జోసెఫ్ హుకర్ 1848-50 మధ్య హిమాలయాల్లో తిరిగినప్పుడు తెచ్చిన పొట్లాల్లో ఒకదాన్ని మిట్టెన్ 1861లో లివర్‌వర్ట్‌గా వర్ణించి పక్కన పెట్టాడు. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత జపాన్ ఎత్తుకొండల్లో నొరివో టకాకి అలాంటిదే ఒక మొక్కను పట్టుకున్నాడు. హత్తొరి, ఇనొఉఎ అనే పండితులు 1958లో దానికి టకాకియా అని పేరుపెట్టారు, దీన్ని కూడా లివర్‌వర్ట్ అనే. మిట్టెన్ మొక్క కూడా దాని తోబుట్టువేనని 1963లో గ్రోలె అనే శాస్త్రవేత్త గుర్తించాడు. గుళిక ఉన్న మొక్క ఎవరికీ దొరక్క తగువు తెగలేదు. 1990ల మొదట్లో అల్యూషన్ దీవుల్లో డేవిడ్ స్మిత్, పాల్ డేవిసన్ దాన్ని గుళికతో సహా సేకరించి 1993లో ప్రకటించారు. గుళిక మీద మెలితిరిగిన ఒకే ఒక చీలిక ఉంది. దాంతో అది నాచుల్లోకి మారింది. లినేయస్ ఆండ్రియా విషయంలో పడ్డ గుంటలోనే రెండు వందల ఏళ్ల తర్వాతి పండితులూ పడ్డారన్నమాట.

రెండోది అలాస్కా, వాయవ్య కెనడాలకు చెందిన ఆండ్రియోబ్రియం. ఆర్కిటిక్ నాచుల మీద దశాబ్దాలు గడిపిన విలియం క్యాంప్‌బెల్ స్టీర్, అలాస్కా విశ్వవిద్యాలయంలో పనిచేసిన బార్బరా ముర్రే కలిసి 1976లో దీన్ని ప్రకటించారు. రంగూ, రాతి మీది బతుకూ, చీలే గుళికా ఆండ్రియావే. కానీ దీనికి సొంత కాడ ఉంది, సున్నపురాయి అంటే ఇష్టం ఉంది. ఆండ్రియాలో ప్రత్యేకం అనుకున్న లక్షణాల్లో ఏవి పాతవి, ఏవి తర్వాత వచ్చినవి అన్న విషయం మీద కొత్త వెలుగు పడింది. ముర్రే 1988లో బ్రిటన్, ఐర్లాండ్‌ల ఆండ్రియాలను మళ్లీ పొట్లం పొట్లంగా సరిచూసింది. బెర్లిన్‌లో షుల్ట్సె-మోటెల్ 1970లో ఆకు మధ్య ఈనె ఉన్న జాతులన్నిటినీ ఒక్కచోట చేర్చాడు. ఈనె లేనివాటికి అంతటి సమగ్ర గ్రంథం రాలేదు. పొట్లాలు ఎక్కువ, తేడాలు సూక్ష్మం, ఒకే బండ మీద తడికీ ఎండకీ ఒకే జాతి రంగూ పొడవూ మార్చుకుంటుంది.

డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక స్ఫాగ్నం, టకాకియా, ఆండ్రియా, ఆండ్రియోబ్రియం నాలుగూ నాచుల వంశవృక్షంలో చాలా ముందే చీలిన కొమ్మలని ఖాయమైంది. టిబెట్‌లోని టకాకియా జన్యుపటాన్ని 2023లో వెలువరించిన బృందం ఆ వంశం దాదాపు 39 కోట్ల ఏళ్ల కిందటిదని అంచనా వేసింది, అక్కడి గుంపులు తగ్గిపోతున్నాయనీ చెప్పింది. స్కాట్లాండ్‌లో వేసవిదాకా నిలిచే మంచు పల్లాలు కుంచించుకుపోతున్నందున ఆండ్రియా నివాలిస్ ఉన్న బండలను ఇప్పుడు సర్వేల్లో నమోదు చేస్తున్నారు.